నల్లబడిన యుద్ధ పతకం, దాని మీద ఒక అడ్డగీత: తిరుపతి మ్యూజియం కేస్ స్టడీ

వస్తువు మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్, రిబ్బనుతో సహా. ఉన్నది తిరుపతిలో ఒక విద్యాసంస్థ నడిపే చిన్న మ్యూజియంలో. రిజిస్టరులో దాని గురించి ఒక్క ముక్కే ఉంది: కంచు పతకం, నల్లబడినది. మ్యూజియం వాళ్లు అడిగింది కూడా ఒక్కటే, తళతళలాడేలా చేసి ఇవ్వమని.

ఈ పనిలో తళతళలాడించడం చాలా చిన్న భాగం. ఎందుకు నల్లబడిందో తేల్చకుండా రుద్దితే మళ్లీ నల్లబడుతుంది, మళ్లీ రుద్దాల్సి వస్తుంది. రుద్దిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది. ఈ పతకంలో అన్నిటికన్నా విలువైనది అంచు మీద అచ్చుకొట్టిన సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం. పాలిష్ గుడ్డ కింద ముందు అరిగేదీ అవే. అందుకే సమయంలో ఎక్కువ భాగం పతకం మీద కాదు, అది ఉన్న పెట్టె మీద పెట్టాం.

ముందు అది కంచా, వెండా

బ్రిటిష్ వార్ మెడల్‌ను 1919లో నెలకొల్పారు. వ్యాసం 36 మిల్లీమీటర్లు. ఒక వైపు కిరీటం లేని ఐదో జార్జి తల, బెర్ట్రమ్ మెకెన్నల్ చెక్కింది. రెండో వైపు విలియం మెక్‌మిలన్ చేసిన గుర్రపు రౌతు, గుర్రం గిట్టల కింద ప్రష్యా గద్ద ఉన్న డాలు, పుర్రె, ఎముకలు, 1914, 1918 అనే ఏళ్లు. మొత్తం మీద దాదాపు 65 లక్షలు ఇచ్చారు. అందులో కంచువి సుమారు 1,10,000 మాత్రమే.

ఆ కంచువి ఎవరికి ఇచ్చారన్నదే ఇక్కడ ముఖ్యం. ఆయుధం పట్టిన సైనికుడికి వెండి పతకం వచ్చింది. చైనా, మాల్టా, భారతదేశాల నుంచి లేబర్ కోర్ (ఆయుధం పట్టకుండా కూలి పనులు చేసే దళం) వంటి దళాల్లోకి వెళ్లినవాళ్లకు చాలావరకు కంచుది వచ్చింది. అంటే రిజిస్టరులో "కంచు" అని రాస్తే లోహం పేరొక్కటే తప్పుపోదు, ఆ మనిషి సైన్యంలో ఏ పని మీద వెళ్లాడో కూడా తప్పుపోతుంది. నల్లగా పేరుకున్న వెండిని కంటితో చూసి కంచు అనుకోవడం చాలా మామూలు.

తేల్చడానికి తేలికైన దారి సాంద్రత. రిబ్బను తీసి, కింద చెప్పబోయే అంచు ఫొటోలు, కుంకుమ, గోళ్ల రంగు పనులు అయ్యాక పతకాన్ని సన్నటి నైలాన్ దారానికి కట్టి, 0.01 గ్రాము చూపించే తక్కెడ మీద గాలిలో ఒకసారి, డిస్టిల్డ్ వాటర్‌లో మునిగేలా వేలాడదీసి ఒకసారి తూయాలి. గాలిలో బరువును రెండు బరువుల తేడాతో భాగిస్తే వచ్చేది సాంద్రత. స్టెర్లింగ్ వెండికి (92.5 శాతం వెండి, మిగతాది రాగి) 10.3 దగ్గర వస్తుంది, కంచుకు 9కి కాస్త తక్కువ. ఇది 10.2 చూపించింది. తప్పు జరిగేది బుడగల దగ్గర: గుర్రం కాళ్ల సందుల్లో, అక్షరాల్లో గాలి చిక్కుకుంటే లెక్క కంచు వైపు జరుగుతుంది. ఇంత చిన్న వస్తువు ఘనపరిమాణం మూడు మిల్లీలీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి పదోవంతు మిల్లీలీటరు గాలి ఉన్నా ఫలితం 0.3 దాకా పడిపోతుంది. నీళ్లలో ఒక చుక్క నాన్-అయానిక్ డిటర్జెంటు కలిపి, మెత్తటి కుంచెతో బుడగలు తోసేసి తూయాలి. తూచాక డిటర్జెంటు లేని డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, అసిటోన్‌లో రెండుసార్లు ముంచి తీస్తే రిబ్బను కడ్డీ అతుకులో తడి నిలవదు.

హాల్‌మార్కింగ్ సెంటర్లలో ఉండే ఎక్స్‌రే యంత్రంలోనూ శాతాలు చూసుకోవచ్చు. అది చూసేది పైపొరనే కాబట్టి నలుపు పలచగా ఉన్న చోట పెట్టాలి. మనిషి వెంట ఉండాలి. అలవాటు కొద్దీ గీటురాయి మీద గీస్తే ఆ గీత మళ్లీ పోదు.

అంచు

36 మిల్లీమీటర్ల వ్యాసానికి అంచు చుట్టుకొలత 113 మిల్లీమీటర్లు. పతకాన్ని చిన్న తిరుగుడు బల్ల మీద పడుకోబెట్టి, 30 డిగ్రీలకు ఒకటి చొప్పున 12 ఫొటోలు తీస్తే ఒక్కోదాంట్లో తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు వస్తుంది, పక్క ఫొటోతో కొంచెం కలుస్తుంది. లైటు ఒక్కటే, పక్క నుంచి బాగా వాలుగా. ఇది శుభ్రం చేయకముందే చేయాలి. అక్షరాల గుంటల్లో ఎండిన పాత పాలిష్ తెల్లగా నిలిచి, అరిగిపోయిన గీతల్ని కూడా చూపిస్తుంది. కడిగేశాక ఆ సాయం ఉండదు. ప్లాస్టిసిన్‌తో అచ్చు తీయడం కొందరికి అలవాటు. వద్దు. చాలా రకాల ప్లాస్టిసిన్‌లో గంధకం ఉంటుంది.

అంచు మీద దళం రెండో క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్లకు (సైన్యంలోని ఇంజనీర్ల దళం) 1911 నుంచి 1923 దాకా ఉన్న పేరు అది. దీన్ని "మద్రాస్ రెజిమెంట్" అని రాస్తే తప్పు, అది వేరే దళం. పేరు విషయంలో పాటించింది ఒకటే నియమం: ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం. గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసిన తెలుగు పేర్లను మనం సరిదిద్దబోతే రికార్డు చెడుతుంది. ఊహించిన తెలుగు రూపం పక్క గడిలో, ప్రశ్నార్థకంతో. కుటుంబం ఉంది కాబట్టి ఆ పేరు ఇక్కడ ఇవ్వడం లేదు.

చిరునామా వెతికేవాళ్లకు ఒక మాట. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు పటాలంలో చేరినవాళ్ల కాగితాల్లో చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు కింద, మదనపల్లె, వాయల్పాడు కడప కింద ఉంటాయి. తిరుపతి జిల్లా 2022లో వచ్చింది. రిజిస్టరులో అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా అని రెండు గడులు పెట్టకపోతే రేపు వెతికేవాళ్లు తప్పు దస్త్రాల్లో తిరుగుతారు.

నలుపును చదవడం

నలుపంతా ఒక్కటి కాదు. పది రెట్ల భూతద్దం కింద చూస్తే అయిదు రకాల మురికి కనిపించింది.

రాజు ముఖం వైపు గోధుమ రంగు తిరిగిన నలుపు, సమంగా. గుర్రం వైపు, అంటే పెట్టె అడుగున పరిచిన గుడ్డకు ఆనుకున్న వైపు, ఇంకా చిక్కగా. ఈ తేడాయే మొదటి ఆధారం: గదిలో గాలి కారణమైతే పైవైపు ఎక్కువ నల్లబడాలి.

రెండోది, రాజు మెడ మీదుగా అడ్డంగా పోయిన నీలి నలుపు గీత, మూడు మిల్లీమీటర్ల వెడల్పు. అంచు దాటి గుర్రం వైపు కూడా అదే సరళరేఖలో సాగింది. తుప్పు ఇంత తిన్నగా నడవదు. నంబరు చీటీని పతకానికి రబ్బరు బ్యాండుతో చుట్టి ఉంచినప్పుడు పడే గుర్తు ఇది. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు, అది మధ్యలో కాగితం ఉన్నా దాటి వచ్చి వెండిని పట్టుకుంటుంది. రబ్బరు బ్యాండు ఎప్పుడో ఎండి రాలిపోయింది, గీత మిగిలింది. ఇదే కారణంతో లేటెక్స్ గ్లవ్స్ కూడా వెండి దగ్గరికి రాకూడదు. నైట్రైల్ గ్లవ్స్ వాడాలి.

మూడోది అక్షరాల్లో ఎండిన పాలిష్ సుద్ద. నాలుగోది రిబ్బను కడ్డీ పతకాన్ని పట్టుకునే చోట పచ్చటి ముద్ద. దీన్ని చూసి చాలామంది క్లోరైడ్ తుప్పు అని భయపడతారు. పుల్లతో తాకితే మైనంలా సాగి, వైట్ స్పిరిట్‌లో (పెయింటు పలచన చేసే ద్రావకం) కరిగింది. క్లోరైడైతే పొడిపొడిగా రాలుతుంది, తేమ పెట్టెలో ఉంచితే మళ్లీ పుట్టుకొస్తుంది. ఇది వెండిలోని రాగి పాత జిడ్డుతో కలిసి ఏర్పడ్డ ముద్ద, అంతే.

అయిదోది కుంకుమ. కడ్డీ మూలల్లో, రిబ్బను మడతలో. విజయదశమికి ఆయుధపూజలో పెట్టిన పతకాల మీద ఇలాగే ఉంటుంది. దీన్ని మురికి కింద జమకట్టలేదు. ఇంట్లో ఆ పతకానికి ఏ స్థానం ఇచ్చారో చెప్పే ఆధారం అదొక్కటే. లోహం మీదిది పొడి కుంచెతో గాజు సీసాలోకి రాల్చి, నంబరు వేసి, పతకంతోపాటే భద్రపరిచాం. రిబ్బను మీదిది కదిలించలేదు.

వీటికి తోడు మ్యూజియం నంబరు గోళ్ల రంగుతో అంచు మీదే, సరిగ్గా దళం పేరులోని రెండు అక్షరాల మీద రాసి ఉంది.

దొంగ పెట్టెలోనే

పెట్టె లోపలి కొలత 60 × 45 × 30 సెంటీమీటర్లు. ప్లైవుడ్ అడుగు, దాని మీద పచ్చటి ఉన్ని ఫెల్టు, అద్దం చుట్టూ నల్ల రబ్బరు పట్టీ, లోపల ట్యూబులైటు, మూలల్లో నాఫ్తలీన్ ఉండలు. చూడగానే అనుమానం వచ్చేవి నాలుగు, కానీ అనుమానంతో మ్యూజియం డబ్బు ఖర్చు పెట్టించకూడదు. అందుకని ఆడీ పరీక్ష: ఒక పదార్థం వదిలే వాయువులు లోహాన్ని పాడుచేస్తాయా అని చూసేది.

పద్ధతి ఇది. ఒక్కో పదార్థం 2 గ్రాములు, 50 మిల్లీలీటర్ల గాజు గొట్టంలో. లోపలే చిన్న గొట్టంలో 0.5 మిల్లీలీటరు శుద్ధజలం. మూతకు వెండి, రాగి, సీసం రేకు ముక్కలు, ఒకదానికొకటి తగలకుండా. గట్టిగా బిగించి 60 డిగ్రీల ఓవెన్‌లో 28 రోజులు. పక్కన ఏ పదార్థమూ లేని ఖాళీ గొట్టం ఒకటి తప్పనిసరి. దానిలో రేకులు మారాయంటే మూతో నీళ్లో బాగోలేదని అర్థం, పరీక్ష మొత్తం మళ్లీ చేయాలి. రేకుల్ని పరీక్షకు ముందు రుద్ది, అసిటోన్‌తో తుడిచి, తర్వాత వేళ్లతో తాకకూడదు. పరీక్ష చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఫెల్టు గొట్టంలో వెండి నల్లబడింది. ఉన్ని ప్రోటీన్‌లో గంధకం సహజంగానే ఉంటుంది. రబ్బరు పట్టీ గొట్టంలో వెండి, రాగి రెండూ నల్లబడ్డాయి. ప్లైవుడ్ గొట్టంలో వెండికి ఏమీ కాలేదు, సీసం మీద తెల్లటి పొర వచ్చింది. అది చెక్క, జిగురు వదిలే ఆమ్లాల పని. అంటే ఈ పతకాన్ని పాడుచేసింది ఫెల్టు, పట్టీ. ప్లైవుడ్‌కు ఇందులో పాత్ర తక్కువ, కానీ అదే పెట్టెలో రేపు సీసం ముద్రో కంచు నాణెమో పెడితే దానికి ముప్పు. ట్యూబులైటు వేడి ఈ వాయువుల్ని ఇంకా తొందరగా బయటికి తోస్తుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడల్లా పెట్టె బయటి తేమ గాలిని లోపలికి పీల్చుకుంటుంది. కార్తీకంలో తిరుపతి వానలప్పుడు ఆ గాలి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

వద్దనుకున్న పద్ధతులు

చింతపండు, నిమ్మకాయ: ఆమ్లం వెండి మిశ్రమంలోని రాగిని తింటుంది, నల్లటి సల్ఫైడును (వెండి, గంధకం కలిసి ఏర్పడ్డ నలుపును) మాత్రం పెద్దగా కదిలించదు. ఇంట్లో వెండి ప్రమిదకు సరిపోవచ్చు. విబూది, టూత్‌పేస్టు: గీతలు పడతాయి. ముంచి తీసే రెడీమేడ్ ద్రావణం: థయోయూరియా, ఆమ్లం కలిసినది. నిమిషంలో తెల్లగా వస్తుంది, అందుకే ఆకర్షణ. కానీ ఉపరితలాన్ని గరుకుగా వదిలేస్తుంది, కడ్డీ అతుకులోకి దూరినది ఎంత కడిగినా రాదు, ముందుకన్నా త్వరగా నల్లబడుతుంది. అల్యూమినియం రేకు, వేడినీళ్లు, సోడా: వీడియోల్లో అందరూ చూపించేది ఇదే. సల్ఫైడు తిరిగి వెండిగా మారుతుంది నిజమే, కానీ పేలవంగా, మచ్చలుగా. ఎక్కడ ఆపాలో మన చేతిలో ఉండదు.

చేతిలో ఉండేది సుద్ద ఒక్కటే. ల్యాబ్ గ్రేడ్ ప్రెసిపిటేటెడ్ కాల్షియం కార్బొనేట్. నల్లబల్ల మీద రాసే సుద్దముక్క పొడి కాదు, అందులో గట్టి రేణువులుంటాయి.

చేసిన పని

మొదట గోళ్ల రంగు. వెదురు పుల్లకు చుట్టిన చిన్న దూదిని అసిటోన్‌లో ముంచి, బ్లాటింగ్ కాగితం మీద అద్ది, తర్వాతే ఆ నంబరు మీద. తడి ఎక్కువైతే రంగు కరిగి పక్క అక్షరాల గుంటల్లోకి పారుతుంది. ప్రతి అద్దుడుకూ కొత్త దూది.

తర్వాత పచ్చ ముద్ద, జిడ్డు: వైట్ స్పిరిట్, ఆపైన ఇథనాల్. అక్షరాల్లోని పాత పాలిష్‌కు ఇథనాల్, శుద్ధజలం సమపాళ్లలో కలిపి కుంచెతో తడిపి, మెత్తబడనిచ్చి, చెక్కిన వెదురు చీలికతో తీశాం. గుండుసూది పనికిరాదు. వెండి మీద సూది జారితే ఆ గీత కొత్త అక్షరంలా కనిపిస్తుంది.

చివరికి సుద్ద. అదే ఇథనాల్ నీళ్లలో మీగడలా కలిపి, దూది పుల్లను రుద్దకుండా దొర్లిస్తూ. గుండ్రంగా తిప్పితే మెరుపులో వలయాలు పడతాయి. బొమ్మ గీత ఎటుంటే అటే పోవాలి. దూది మొదట నల్లగా, తర్వాత బూడిద రంగులో వస్తుంది. బూడిద రంగు దగ్గర ఆపేయాలి. దూది తెల్లగా వచ్చేదాకా చేస్తే అప్పుడు పోయేది వెండే. గుంటల్లో నీడలా మిగిలిన నలుపే రాజు జుట్టునూ గుర్రం కండల్నీ కనిపించేలా చేస్తుంది, దాన్ని ఉంచాం. అంచు మీద సుద్ద అసలు వాడలేదు.

అడ్డగీత దగ్గర మ్యూజియం వాళ్లతో కొంత వాదన నడిచింది. అక్కడ సల్ఫైడు మందం ఎక్కువ. గీత పూర్తిగా మాయమయ్యేదాకా చేస్తే ఆ మూడు మిల్లీమీటర్ల పట్టీలో వెండి పక్కలకన్నా ఎక్కువ పోతుంది, నల్ల గీత బదులు తెల్ల గీత మిగులుతుంది. చుట్టుపక్కల స్థాయికి తెచ్చి ఆపేశాం. వాలుగా చూస్తే ఇప్పటికీ కనబడుతుంది.

ఆఖర్న శుద్ధజలంతో దూది మార్చి మార్చి తుడిచి, ఇథనాల్, అసిటోన్‌తో ఆరబెట్టడం. అతుకులో సుద్ద మిగిలితే తేమ పీల్చి పచ్చబడుతుంది కాబట్టి అక్కడ సన్నటి కుంచెతో రెండోసారి. లాకర్ (గాలి తగలకుండా పూసే పారదర్శకమైన పూత) పూయలేదు. ఎంత జాగ్రత్తగా పూసినా ఎక్కడో సూదిమొనంత ఖాళీ ఉంటుంది, అక్కడి నుంచి నలుపు పొర కింద దారాల్లా పాకుతుంది. అప్పుడు లాకర్ తీయడం ఇంకో పని. పెట్టెను బాగు చేయగలిగినప్పుడు అది అనవసరం. రోజూ చేతులు మారే వస్తువైతే మాట వేరు.

రిబ్బను

32 మిల్లీమీటర్ల వెడల్పు పట్టు. నడుమ నారింజ, రెండు వైపులా వరుసగా తెలుపు, నలుపు, అంచున నీలం. నారింజ మీద కనిపించే నీటి అలల మెరుపు నేతలో వచ్చింది కాదు, ఒత్తిడితో అద్దింది. నీళ్లు తగిలితే పోతుంది, తిరిగి రాదు. ఉతకకూడదు అనడానికి ఇదొక్క కారణం చాలు. అయినా కనపడని కొసలో ప్రతి రంగు మీద ఒక్కో నీటి చుక్క, పైన బ్లాటింగ్ కాగితం పెట్టి చూస్తే నలుపు దిగింది, కుంకుమ బాగా దిగింది.

కాబట్టి అంతా పొడి పనే: నైలాన్ నెట్ అడ్డంపెట్టి తక్కువ వేగంతో వాక్యూమ్, మెత్తటి కుంచె. మడత దగ్గర పోగులు తెగినచోట సన్నటి నెట్ వెనకగా ఆనించి, నేత సందుల్లోంచే కుట్టు. వెనక ఉక్కు పిన్ను తుప్పు మచ్చ ఉంది, దాన్ని అలాగే వదిలేశాం. పిన్ను మాత్రం విడదీసి వేరే సంచిలో. కడ్డీకీ పట్టుకూ మధ్య సన్నటి పాలియెస్టర్ ఫిల్మ్ ముక్క.

పిన్ను కింద దాగిన చోట నారింజ ఇంకా ఎర్రగా ఉంది. మిగతాది ఎంత వెలిసిందో అక్కడే తెలుస్తుంది. వెలుగు 50 లక్స్ దాటకూడదు. కొత్త రిబ్బను ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మార్చేద్దామా అని అడిగారు. పాతది ఉండగా మార్చడానికి కారణమేమీ లేదు.

తిరిగి పెట్టడం

ఫెల్టు, పట్టీ, ట్యూబులైటు, ఉండలు అన్నీ తీసేశాం. ప్లైవుడ్ మీద అల్యూమినియం పొర ఉన్న షీటు, దానిపైన 3 మిల్లీమీటర్ల ఆక్రిలిక్. గుడ్డ కావాలంటే రంగు వేయని, గంజి పోయేలా ఉతికిన నూలు. అద్దం అతుకులకు న్యూట్రల్ సిలికాన్. షాపులో అడగకుండా తెస్తే వెనిగర్ వాసన వచ్చేదే ఇస్తారు, అది ఆరుతూ అసిటిక్ ఆమ్లం వదులుతుంది. న్యూట్రల్ రకమైనా రెండు మూడు వారాలు ఆరాకే వస్తువు లోపల పెట్టాలి.

పతకం బరువు రిబ్బను మీద పడకూడదు. వాలుగా ఉన్న ఆక్రిలిక్ పలక మీద పడుకోబెట్టి, అడుగున రెండు సన్న ఇత్తడి కొక్కేలతో ఆపాం. కొక్కేలకు పాలియోలిఫిన్ గొట్టం తొడుగు. పీవీసీ తొడుగు కాదు, అది హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది.

తేమ 40 నుంచి 50 శాతం మధ్య. వెండి ఒక్కటే అయితే ఇంకా పొడిగా ఉంచవచ్చు, కానీ అంత పొడిలో పట్టు పెళుసెక్కుతుంది. సిలికా జెల్ ఘనపు మీటరుకు 20 కిలోల లెక్కన, ఈ పెట్టె 0.081 ఘనపు మీటర్లకు 1.6 కిలోలు, అడుగు పలక కింద ట్రేలో. జెల్‌ను ఓవెన్ నుంచి తీసి నేరుగా పెడితే పెట్టెను ఎండగట్టేస్తుంది. ముందు దాన్ని మూతబెట్టిన డబ్బాలో పొటాషియం కార్బొనేట్ సంతృప్త ద్రావణం పక్కన, ద్రావణం జెల్‌కు తగలకుండా ఉంచాలి. ఆ ద్రావణం గాలిని 43 శాతం దగ్గర నిలబెడుతుంది. రోజూ తూస్తూ, బరువు పెరగడం ఆగాక జెల్ సిద్ధం. దాంతోపాటు నూలు సంచిలో 100 గ్రాముల యాక్టివేటెడ్ చార్‌కోల్.

కాపలాకు ఒక వెండి రేకు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వెండి కొట్లలో రెండు సెంటీమీటర్ల ముక్క దొరుకుతుంది. సుద్దతో రుద్ది, సగం అల్యూమినియం రేకులో చుట్టి, పతకం వెనక పెట్టాలి. నెలకోసారి విప్పి రెండు సగాల్ని పోల్చాలి. బయటి సగం లేత పసుపు తిరిగితే చార్‌కోల్ మార్చి, పెట్టెలోకి కొత్తగా ఏం చేరిందో వెతకాలి. సాధారణంగా అది ఎవరో పెట్టిన కొత్త లేబుల్ అట్టో, దాని జిగురో అయి ఉంటుంది.

రిజిస్టరులో "కంచు" కొట్టేసి, కనిపించేలా వదిలి, పక్కన "వెండి, సాంద్రత 10.2" అని తేదీతో. నంబరు ఇప్పుడు నూలు దారంతో కట్టిన చీటీ మీద. అంచు ఫొటోలు పన్నెండూ కలిపి నాలుగింతలు పెంచిన పట్టీ పెట్టె పక్క గోడ మీద ఉంది, పేరు చదవాలని ఎవరూ పెట్టె తెరిపించనక్కర్లేదు. పతకం వయసు వందేళ్లు దాటింది కాబట్టి 1972 పురావస్తువుల చట్టం కింద దీన్ని సంస్థగానీ వ్యక్తులుగానీ దేశం దాటించడానికి లేదు. ఆ సంగతి కూడా రిజిస్టరు వ్యాఖ్యల గడిలో రాసి ఉంది.

జెల్ తూకం ఏడాదికి రెండుసార్లు సరిపోతుంది: ఆశ్వయుజంలో వానలకు ముందు, సంక్రాంతి దాటాక. 1.6 కిలోల మీద 80 గ్రాములు పెరిగితే మార్చాలి.